ఇంకా ఒకరు లోపల ఉన్నారు

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ మేం ముగ్గురం కులాసా, మీరూ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను అని రాసి అసలు కబుర్లలోకి దిగుదామంటే, పక్కనే కూర్చున్న అత్తయ్యగారు "నా మోకాలు కులాసాగా లేదని రాయమ్మా" అంటున్నారు. రాశాను. ఆవిడ మోకాలు తప్ప మిగతా ఇల్లంతా కులాసా.

మీ ఉత్తరం అందింది. ఆ వంతెన పని జరిగే చోట ఫోను పలకకపోవడం ఒకందుకు మంచిదే అయింది. లేకపోతే మీ చేతిరాత ఇంత ముచ్చటగా ఉంటుందని నాకు ఈ జన్మలో తెలిసేది కాదు. మీరడిగిన వాటికి ముందు జవాబులు చెప్పేస్తాను. పాపకి ఊగుతున్న పన్ను ఊడింది. దాన్ని కాగితంలో చుట్టి మీకు పంపుతానని ఒకటే గొడవ, నాన్న దగ్గరికి మనమే వెళ్తాంగా అని ఎలాగో ఆపాను. వంటింట్లో కుళాయి కారడం ఆగింది. మా గోడౌను మేస్త్రి వచ్చి వాషరు మార్చి, "ఇది మన కంపెనీ సరుకేనమ్మా, కారిందని బయట అనకండి" అని బతిమాలి వెళ్లాడు. మీ నీలం స్వెట్టరు ఎక్కడికీ పోలేదు, అత్తయ్యగారి ఒంటి మీద ఉంది. ఇప్పట్లో దిగే సూచనలు కనబడటం లేదు.

ఇక మీరు అసలు అడిగింది పెద్దాయన ఎప్పుడు దిగిపోతాడని. ఆయన దిగిన వెంటనే మేం ముగ్గురం మీ దగ్గరికి బయల్దేరాలని కదా మన ఒప్పందం. మీ సైటు ఆఫీసులో నాకోసం అడిగి పెట్టిన ఉద్యోగం ఇంక ఎంతోకాలం ఆగదనీ, క్వార్టర్సు కోసం ఇంకెవరో తిరుగుతున్నారనీ రాశారు. చదివాను. చదివి మడిచి పెట్టి మళ్లీ తీసి చదివాను. జవాబు చెప్తాను, కానీ కాస్త నన్ను నా దారిన రానివ్వండి.

పాపకి మొన్న అనుమానం వచ్చింది. "పెద్దాయనంటే ఎవరమ్మా? ఆయనకి బాగాలేదా?" అంది. మనిషి కాదే, మా ఆఫీసులో పాత సాఫ్ట్‌వేరు అని చెప్పాను. గోడౌనులో ఎన్ని పైపులున్నాయి, ఎన్ని కుళాయిలున్నాయి, ఎవరు ఏం ఆర్డరిచ్చారు, ఎవరికి బిల్లు వెయ్యాలి, అన్నీ ఆయనే చూస్తాడు. నేను ఉద్యోగంలో చేరక ముందు నుంచీ ఉన్నాడు. ఆయన్ని తయారుచేసిన వాళ్లు ఎప్పుడో దుకాణం సర్దేశారు, ఇప్పుడు ఒళ్లు నలతగా ఉంటే చూసే డాక్టరు లేడు. అందుకని నెమ్మదిగా ఆయన్ని దించి ఆ కుర్చీలో కొత్తదాన్ని కూర్చోబెట్టాలి, ఆ ప్లానంతా అమ్మదే అన్నాను. "దించేటప్పుడు ఆయన ఏడుస్తాడా?" అంది. ఆయనెందుకు ఏడుస్తాడే అన్నాను. "ఏడ్చేవాళ్లు వేరే ఉన్నారులే" అని అత్తయ్యగారు చిక్కుడుకాయల్లోకి చూస్తూ గొణిగారు.

ఆయన ఆగిపోతే పాత బిల్లులన్నీ ఏమైపోతాయని మీ బెంగ. ఏమీ కావు. అన్నిటినీ వేరే చోటికి మార్చి పెట్టాం. ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు, మార్చడానికి మాత్రం కుదరదు. మన పెళ్లి ఫొటోల లాగా అనుకోండి, మీ మీసం అప్పుడెలా ఉందో చూసి నవ్వుకోవడమే గానీ ఇప్పుడు కత్తిరించలేం కదా.

కొత్తదాన్ని అందరూ కొత్తకోడలు అంటున్నారు. ఏం చేసినా వంకే. బటన్లు ఎక్కువట, రంగులు ఎక్కువట, అడక్కుండానే సలహాలిస్తుందట. అత్తయ్యగారికి ఈ మాట చెబితే, "వచ్చీరాగానే వంకలు పెట్టకూడదు, ఓ నెల ఆగి పెట్టాలి" అన్నారు. నాకెన్నాళ్లు ఆగారో ఆవిణ్ణి అడగలేదు. నాకు గుర్తుంది.

ప్లాను ప్రకారం కొన్నాళ్లు పెద్దాయన, కొత్తకోడలు పక్కపక్కన నడవాలి. ఒకే బిల్లు రెండు చోట్లా కొట్టాలి, సాయంత్రానికి రెండూ ఒకే మాట చెప్పాలి. మొదటి నెల చెప్పలేదు. పెద్దాయనకి పొడుగు పేర్లు గిట్టవు, తోక కత్తిరించి పడేస్తాడు. మీకూ తెలుసుగా, "ఇత్తడి కుళాయి పొట్టిమూతి" అన్నది ఆయన దగ్గర "ఇత్తడి కుళాయి పొ", "ఇత్తడి కుళాయి పొడుగుమూతి" అన్నదీ "ఇత్తడి కుళాయి పొ". మనం పక్కనున్న నంబరు చూసి పోల్చుకునేవాళ్లం. కొత్తది పెట్టడానికి వచ్చినవాళ్లు పేర్లు చూసి రెండూ ఒకటే అనుకుని ఒక కుప్పలో పోసేశారు. కొత్తకోడలు ధైర్యంగా ఒకే రకం కుళాయి ఉందని చెప్పింది. గోడౌనులో రెండు గుట్టల మధ్య నిలబడి మేస్త్రి, "మరి ఈ రెండోది నా కంటికే కనబడుతోందా?" అన్నాడు. అన్నీ విడదీసి సరిచేశాం. అప్పుడు పెద్దాయన్ని దించే తేదీ ఒక నెల వెనక్కి వెళ్లింది. మీకూ రాశాను.

ఆ తర్వాత ఇంకో నెల వెనక్కి వెళ్లింది. మళ్లీ తేడాలొచ్చాయని అదీ రాశాను. ఆ రోజు ఇంట్లో ఈ ముక్క చెప్పగానే అత్తయ్యగారు కళ్లజోడు తీసి నాకేసి చూశారు. "అమ్మాయ్, ఆ తేడా మిషన్లో ఉందా, నీలో ఉందా?" మిషన్లోనే అత్తయ్యా అన్నాను. ఆవిడ మళ్లీ కళ్లజోడు పెట్టుకున్నారు.

మీకు క్లోజింగ్ గుర్తుందా? ఎందుకుండదు, దాని ధర్మమా అని కదా మనకి పెళ్లయింది. రోజూ సాయంత్రం ఆ రోజు లెక్క మూసేటప్పుడు పెద్దాయన లోపల ఒక్కరు కూడా ఉండకూడదు. బిల్లింగులోనో గోడౌనులోనో ఎవరి తెర తెరిచి ఉన్నా మొండికేస్తాడు. "ఇంకా ఒకరు లోపల ఉన్నారు" అని ఆకుపచ్చ అక్షరాల్లో చూపిస్తాడు, ఎవరో మాత్రం చెప్పడు. అందుకే నేను హాలు మధ్యలో నిలబడి "క్లోజింగ్! చేతులు తీయండి!" అని అరవడం, అందరూ తెరలు మూసి చేతులు పైకెత్తి చూపించడం. ఆ పది నిమిషాలు కంపెనీలో ఎవరికీ పనుండదు. టీ వచ్చేది అప్పుడే. ఎవరింట్లో జ్వరం, ఎవరికి సంబంధం కుదిరింది, ఎవరు ఎవరి మీద అలిగారు, అన్నీ తెలిసేది అప్పుడే. మూసే మీటలన్నీ నేనే నొక్కాలి కాబట్టి నా టీ మాత్రం రోజూ చల్లారిపోయేది.

అందరి చేతులూ పైకి లేచినా, అప్పట్లో మీరు పనిచేసే డిస్పాచ్‌లో ఒక్క తెర తెరిచే ఉండేది. నేను అంత దూరం నడిచొచ్చి "వినబడలేదా మీకు?" అంటే, "అయ్యో, చూసుకోలేదండీ" అని అమాయకంగా మొహం పెట్టేవారు. పాపం చెవుడేమో అనుకున్నాను. నేను నడిచి రావాలని కావాలనే తెరిచి ఉంచేవారని పెళ్లయ్యాక గానీ బయటపెట్టలేదు. నా కోసం కంపెనీ మొత్తాన్ని ఆపేశారు. ఎంత ధైర్యమండీ మీకు!

మొన్న గురువారం పెద్దాయన్ని పూర్తిగా ఆపి, కొత్తకోడలితోనే రోజంతా నడిపి చూశాం. ఏ గొడవా లేదు. సాయంత్రమైంది. కొత్తదానికి క్లోజింగ్ అక్కర్లేదు, ఎవరు లోపలున్నా తన లెక్క తనే చూసుకుంటుంది. నేను అరవలేదు. ఎవరూ చేతులు తీయలేదు. టీ తెచ్చినతను గుమ్మంలో నిలబడి లోపలికి రావాలా వద్దా అని చూస్తున్నాడు. మేస్త్రి వచ్చి, "ఏమ్మా, ఇవాళ గొంతు పోయిందా?" అన్నాడు.

"ఇంక అరవనక్కర్లేదు, ఇది దానంతటదే మూసుకుంటుంది" అన్నాను.

"అది మూసుకుంటుంది సరే, మేం నోళ్లు తెరిచేదెప్పుడు?" అన్నాడాయన.

అందరూ నవ్వారు. బిల్లింగులో ఉండే అక్క, జీవితంలో ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి, లేచి నిలబడి "క్లోజింగ్" అంది. మేకపిల్ల అరిచినట్టుంది. "చేతులు తీయండి" అంటుంటే మధ్యలో దగ్గొచ్చింది. అయినా సరే, హాల్లో అందరి చేతులూ లేచాయి. మేనేజరు గారు తన గదిలోంచి అలవాటుగా బయటికొచ్చి, ఏం జరుగుతోందో తెలియకుండానే తనూ చేతులెత్తారు. నేనూ ఎత్తాను. ఇన్నేళ్లలో నేను చేతులెత్తడం అదే మొదలు. ఎవరో నా చేతిలో గ్లాసు పెట్టారు. టీ వేడిగా ఉంది, నాలుక కాలింది. మన ఆఫీసు టీ అంత బాగుంటుందని నాకు తెలియనే తెలియదండీ.

అత్తయ్యగారు కూర పొయ్యి మీద వెయ్యడానికి లేచి వెళ్లారు కాబట్టి ఇప్పుడు అసలు మాట చెప్పేస్తాను. కోప్పడకుండా చదవండి. కోపం వచ్చినా చదవండి.

మొదటిసారి తేడా నిజం. రెండోసారి తేడా రాలేదు. సరుకు, ఆర్డర్లు, బిల్లులు అన్నీ అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయి. మీకు అబద్ధం రాశాను. మేనేజరు గారితో "ఇంకొక్క నెల రెండూ నడిపితే నిశ్చింత కదండీ" అన్నాను. ఆయనకి అసలే కొత్తవంటే గుండెదడ, వెంటనే సరేనన్నారు. వాయిదా వేసింది నేను. మొన్న గురువారం దాకా మళ్లీ ఇంకోటి వెయ్యడానికి కూడా వంక వెతికాను.

భయం వేసిందండీ. ఇక్కడ నేను ఒక్క కేక వేస్తే ఇంత పెద్ద హాలూ ఆగుతుంది. అక్కడ మీ సైటు ఆఫీసులో నేను ఎవరిని? ఫలానా ఆయన భార్య, కొత్తగా చేరింది, ఏమీ రాదు. నాకు వచ్చిన విద్యల్లా పెద్దాయన మనసెరిగి నడుచుకోవడం. ఆయనతో పాటు నన్నూ దించేస్తున్నట్టు అనిపించింది. ఆ దించే ప్లాను నా చేత్తో నేనే రాసుకుంటున్నాను మరి. అలాగని మిమ్మల్ని చూడాలని లేదనుకునేరు. ఆ నీలం స్వెట్టరు వెనక నుంచి కనబడిన ప్రతిసారీ మీరే వచ్చారనుకుని గుండె ఝల్లుమంటుంది. తిరిగితే అత్తయ్యగారు!

మీరు అప్పుడు తెర తెరిచి పెట్టినట్టే నేనిప్పుడు తేదీ తెరిచి పెట్టాను. కాకపోతే మీరు నేను రావాలని తెరిచి పెట్టారు. నేను రాకుండా ఉండటానికి పెట్టాను. నాకు సిగ్గుగా ఉంది.

కానీ గురువారం ఆ మేకపిల్ల గొంతుకి అన్ని చేతులు లేవడం చూశాక నా భయం చాలావరకు వదిలింది. పెద్దాయన లేకపోయినా, నేను లేకపోయినా ఆ పది నిమిషాలు ఉంటాయి. వాళ్లు ఆగేది నా కేకకని ఇన్నాళ్లూ మురిసిపోయాను, వాళ్లకి ఒకరి మొహం ఒకరు చూసుకోవాలని ఉంది గనక ఆగేవారు. అలాంటివాళ్లు మీ వంతెన దగ్గర మాత్రం ఉండరా? రాని పనంటారా, కొత్తకోడల్ని నేర్చుకున్నదాన్ని, ఇంకోటి నేర్చుకోలేనా?

మర్నాడే ప్లాను పూర్తిచేశాను. పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి ఏమేం రావాలో రాసిన చోట, చివర "సాయంత్రం పది నిమిషాలు అందరూ చేతులు తీయడం" అని చేర్చాను. మేనేజరు గారు చదువుతూ చదువుతూ అక్కడ ఆగారు. "దీనికి కారణం రాయలేదేంటమ్మా?" అన్నారు.

"నిన్న మీరెందుకు చేతులెత్తారండీ?" అన్నాను.

ఆయన పెన్ను మూత తీసి సంతకం పెట్టేశారు. తేదీ కూడా రాయించాను. ఈ నెల ఆఖరి శనివారం. ఇంక వెనక్కి వెళ్లదు. ఆ మర్నాడు ఆదివారం పొద్దున మేం ముగ్గురం బండెక్కుతున్నాం. ఈ ముక్క చెప్పగానే పాప పుస్తకాల సంచీలో బట్టలు కుక్కేసింది, పన్ను కూడా అందులోనే ఉంది. అత్తయ్యగారు, "నా మోకాలు అంతదూరం కూర్చోగలదా?" అంటూనే ఊరగాయ జాడీలకి గుడ్డ కడుతున్నారు. కాబట్టి ఆ ఉద్యోగం ఆపమనండి. క్వార్టర్సు తాళం మీ జేబులో పెట్టుకోండి, ఇంకెవరికీ ఇవ్వకండి.

మీరు చెయ్యాల్సింది ఇంకొకటుంది. ఆ శనివారం సాయంత్రం మన క్లోజింగ్ వేళకి, అక్కడ ఏ పనిలో ఉన్నా సరే, ఒక్కసారి చేతులు పైకెత్తండి. పక్కవాళ్లు ఏమనుకున్నా ఫరవాలేదు. ఇక్కడ నేను ఆఖరిసారి కేక వేస్తాను, హాల్లో అందరూ చేతులు తీస్తారు. అయినా పెద్దాయన తన అలవాటు చొప్పున చూపిస్తాడు, ఇంకా ఒకరు లోపల ఉన్నారని. ఈసారి ఆ ఒకరు నేనే, ఎవరా అని వెతుక్కుంటూ నడవనక్కర్లేదు. నా చేతులు నేనే తీసి, మీ దగ్గరికి వచ్చేస్తాను.

ఇట్లు,
సగం సామాను సర్దేసిన మీ ఆవిడ