సూర్యకాంతం గారి అరటి తోట

కొత్తపేట
17 ఆగస్టు 2006, గురువారం

ఈరోజు ల్యాబ్ రిపోర్టు వచ్చింది. సూర్యకాంతం గారి అరటి తోటని పాడుచేసిన వైరస్, మా నర్సరీ పిలకల్లో దొరికిన వైరస్ ఒక్కటేనట. రెండింటి జన్యుక్రమం అక్షరం పొల్లుపోకుండా కలిసింది. ఆ పిలకలు ఆవిడకి ఇచ్చింది నేనే. తెగులు కనబడ్డప్పుడు, "మీరు మందు సరిగ్గా కొట్టలేదండీ" అని పదిమందిలో ఆవిడనే తప్పుపట్టాను. ఆవిడ తోటంతా నరికించేసింది.

సాయంత్రం వెళ్లి సంగతంతా చెప్పాను. క్షమించమన్నాను.

"ఆయ్, అయితే తప్పు నాది కాదన్నమాటండీ," అంది. "ఆ ముక్క మా ఆయనకి కూడా చెప్తారాండీ? అప్పట్నించీ నాతో మాట్లాట్టం మానేసేరు. ఇప్పుడే వచ్చేస్తారు, కూర్చోండి."

బస్సుకి టైమైందని లేచి వచ్చేశాను. ఆఖరి బస్సుకి ఇంకా రెండు గంటలుంది.