బుజ్జికి తోడు

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. జంతువుల షెల్టర్ నుంచి నువ్వు తెచ్చిన ముసలి గినీ పిగ్స్ జంటలో మగది పోయిన వారం చచ్చిపోయింది. అప్పట్నించీ ఆడది, మన బుజ్జి, గడ్డి ముట్టడం లేదు. మేత మెత్తగా కలిపి సిరంజితో నోట్లో పోస్తున్నాను.

నీ సంవత్సరీకానికి సర్రీ ఊళ్లో ఉండే మీ చెల్లెలు వచ్చింది. బుజ్జిని ఒళ్లో పెట్టుకుని కళ్లొత్తుకుంది.

"పాపం, ఒంటరిగా ఎలా బతుకుతుంది వదినా? వెంటనే ఇంకో తోడు తెచ్చెయ్."

పోయిన నెల తన కూతురి ఓణీల ఫంక్షన్‌లో నేను అక్షింతలు వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది ఈవిడే.

"శుభమా అని ఫంక్షన్ చేసుకుంటున్నాం, నువ్వు వెనక కూర్చో వదినా."

కూర్చున్నాను. నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

రేపు షెల్టర్‌కి వెళ్లి బుజ్జికి తోడు తెస్తాను. అది అదృష్టవంతురాలు. దానికి ఆడపడుచు లేదు.