నువ్వు చూడని చివరి సీను

తమ్ముడూ,

నీకు బాగా నచ్చిన సినిమాల గురించి పత్రికలో నువ్వు రాసిన వ్యాసం చదివాను. నవ్వించేది, ఏడిపించేది, భయపెట్టేది, అన్నీ చిన్నప్పుడు నేను చూసొచ్చి, జ్వరంతో మంచం మీదున్న నీకు చెప్పినవే. "అన్నయ్యా, తర్వాతేమైందీ?" అని ప్రాణం తీసేవాడివి. వ్యాసంలో మాత్రం ఈ అన్న ఊసే లేదు. మహా విమర్శకుడివి కదా!

ఆ దెయ్యం సినిమా చివర్లో తల్లి తలుపు తీసుకుని ఇంట్లోకి వస్తుందని, అది కళ్లారా చూసి ఏడ్చానని రాశావు. ఆదివారం సభలో నీ ప్రసంగం అవగానే ఆ సినిమానే వేస్తారట. హాలంతా నిన్ను చూసి నవ్వుతుంది. ప్రసంగంలో ఆ ముక్క ఎత్తకు.

ఆ తల్లి తిరిగి రాదురా. అప్పుడు మన అమ్మ ఆసుపత్రిలో ఉంది. నువ్వు తలుపు వైపే చూస్తూ అడుగుతుంటే, నేనింకేం చెప్పను?

అన్నయ్య