మదనపల్లెలో మాదిరి పాఠం

పుంగనూరు,
నవంబరు 8, 1999

ప్రియమైన శ్రీవారికి,

మీ కార్డు అందింది. కుప్పం మెస్సులో సాంబారును తిట్టడానికే కార్డంతా సరిపోయింది. పెళ్ళాం ఎలా ఉందని అడగడానికి చోటు మిగల్లేదు కాబోలు. బాగానే ఉన్నాను. రోజూ సదుం బస్సులో నిలబడి బడికి పోతున్నాను.

ఒక సంగతి మనసులో తిరుగుతోంది. నా నాలుగో తరగతిలో సిద్దమ్మ అనే పిల్ల ఉంది. వాళ్ళ నాయన ఓబులప్పకు గొర్రెల మంద. నోటిలెక్క అడిగితే నాకంటే ముందు చెబుతుంది. పుస్తకం తెరిస్తే మాత్రం 'మ' ఏదో 'య' ఏదో పట్టుబడదు. నిన్న చదివిన మాట ఇవాళ మళ్ళీ కొత్తదే. పోయినేడు మా హెడ్మాస్టరు వెంకటముని గారు బెంచీ ఎక్కించి, పేజీ అయ్యేదాకా దిగొద్దన్నారట. దిగి నేరుగా ఇంటికి పోయి, మళ్ళీ బడి ముఖం చూడలేదు.

జూన్‌లో నేను ఇక్కడికి మారాక, వాళ్ళ ఇంటికి వెళ్ళి బతిమాలాను. ఒక్కటే అడిగింది: "అందరి ముందరా సదవమంటావా టీచరమ్మా?" అననని మాట ఇచ్చాను. ఆ మాట మీదే వస్తోంది. మిగతా పిల్లలు అన్నాలకు పోయాక నా పక్కన కూర్చుని, వరుస మీద వేలు పెట్టి కూడబలుక్కుంటుంది. ఈ ఏడు కూడా చదువు రాకపోతే గొర్రెల వెంట పంపేస్తానని ఓబులప్ప అంటున్నాడు. నాకు కుదురు లేదు. ఇలాంటి పిల్లలకు ఎలా చెప్పాలో టీచర్లకు నేర్పేది మీరే కదా, నాకూ చెప్పండి.

మీ
అమరావతి

కుప్పం,
నవంబరు 15

ప్రియమైన అమరా,

నేర్పుతూనే ఉన్నాను, వినేవాళ్ళేరీ? చదవలేని పిల్లలు సోమరులు కాదు, వాళ్ళకు అక్షరం పట్టుబడే తీరు వేరు అని గొంతు చించుకుంటాను. నల్లప్ప అని ఒక టీచరు, "మొద్దు పిల్లోళ్ళకి ఎంత సెప్పినా అంతే సార్, ముందు టీ తెప్పించండి" అంటాడు. హాలంతా నవ్వు. గదికి వచ్చినా కాలు ఒకచోట నిలవడం లేదు.

ఈ నెలాఖరులో మదనపల్లెలో మాదిరి పాఠం చెప్పాలి. పై అధికారులు వస్తారు. వాళ్ళకు నచ్చితే ఈ శిక్షణ అన్ని మండలాలకూ పోతుంది, లేకపోతే ఇంతటితో సరి. మాదిరి పాఠం అంటే నీకు తెలియనిదేముంది? చురుకైన పిల్లల్ని ఏరి, ఏ ప్రశ్నకు ఎవరు చెయ్యెత్తాలో ముందే నేర్పించి కూర్చోబెడతారు. చదవలేని పిల్లల గురించిన పాఠానికి కూడా అలాంటి పిల్లలనే తెస్తామంటే నేను ఒప్పుకోలేదు. నాకు నిజమైన పిల్ల కావాలి. సిద్దమ్మను తీసుకురా. ఒక్క పూట. కాదనకు.

నీ
మల్లికార్జున

పుంగనూరు,
నవంబరు 20

శ్రీవారికి,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రాలేదు.

నన్ను అడిగిన రోజే మా హెడ్మాస్టరుకు కూడా రాశారట! ఆయన చంకలు గుద్దుకుంటూ ఓబులప్పకు చెప్పేశారు. ఓబులప్ప కూతురికి కొత్త గౌను కుట్టిస్తున్నాడు. "మా పాప మదనపల్లెలో ఆఫీసర్ల ముందర కూసుంటాదంట" అని ఊరంతా చెప్పుకుంటున్నాడు. ఎందుకు కూర్చోబెడుతున్నారో అతనికి తెలియదు. ఆ పిల్లకు తెలుసు. నిన్నటి నుంచి నా వైపు చూడటం లేదు.

వద్దంటే ఇప్పుడు ఓబులప్పకు తలవంపు. అందుకని తీసుకొస్తాను. కానీ దాని చేతిలో పుస్తకం పెట్టారో, మన ఇంటి గడప తొక్కనివ్వను. నేనిచ్చిన మాట మీరు పోగొట్టవద్దు.

అమరావతి

కుప్పం,
డిసెంబరు 1

ప్రియమైన అమరా,

మదనపల్లె బస్టాండులో ముఖం తిప్పుకుని, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని బస్సెక్కేశావు. నేను మాట తప్పానా, నువ్వే చెప్పు. సిద్దమ్మను కిటికీ పక్కన నీ దగ్గరే కూర్చోబెట్టాను. పుస్తకం ఇచ్చింది టీచర్లకు. కుప్పంలో కన్నడ బడి నుంచి అడిగి తెచ్చిన వాచకాలు అవి. సంతలో కన్నడం గడగడా మాట్లాడే వాళ్ళే అందరూ. అక్షరాలు మన వాటిలాగే కనబడతాయి, చదవబోతే మోసం చేస్తాయి. మీ వెంకటముని గారు "ఇదేం పెద్ద పని" అని చదవడానికి లేచారు కదా. "ఊఁ, తొందరగా! అందరూ చూస్తున్నారు!" అని నేను బల్ల కొట్టేసరికి, అప్పటిదాకా పలికిన రెండు మాటలు కూడా పోయి, చెమటలు తుడుచుకున్నారు. నల్లప్ప నవ్వలేదు. హాల్లో టీ మాట ఎత్తినవాడు లేడు.

ఆ ఊపులో నోరు జారాను. "ఈ పాపకు తెలుగు పుస్తకం రోజూ ఇలాగే ఉంటుంది" అని చెయ్యి చూపించాను. అందరూ తిరిగి దాన్నే చూశారు. ఆ క్షణమే నువ్వు లేచావు. శిక్షణ అన్ని మండలాలకూ మంజూరైంది. సంతోషపడాల్సిన రోజు అన్నం సహించలేదు.

నీ
మల్లికార్జున

కుప్పం,
డిసెంబరు 14

అమరా,

ఉత్తరం ముక్క లేదు. బడికి వస్తోందా? ఒక్క మాట రాయి. నేను వచ్చి ఓబులప్పతో మాట్లాడనా? పాఠం చెబుతూ చెబుతూ ఆగిపోతున్నాను.

మల్లి

పుంగనూరు,
డిసెంబరు 22

ప్రియమైన శ్రీవారికి,

కావాలనే రాయలేదు. రాసి ఉంటే తిట్లు తప్ప ఏమీ ఉండేవి కావు.

సిద్దమ్మ ఆ మర్నాటి నుంచే రాలేదు. వాళ్ళ ఇంటికి పోతే ఓబులప్ప తలెత్తకుండా, "అంతమందిలో నా బిడ్డకి సదువు రాదని సెప్పేదానికేనామ్మా తోడుకోని పోయింది?" అన్నాడు. ఆ పిల్ల మంద తోలుకుని గుట్ట మీదికి పోయింది. కిందనుంచి పిలిస్తే పలకలేదు. మిమ్మల్ని ఎన్ని తిట్టుకున్నానో, దాని బదులు ఇంకో పిల్ల పేరు చెప్పనందుకు నన్ను నేనూ అంతే తిట్టుకున్నాను. ఇక రాదనే అనుకున్నాను.

ఈ సోమవారం దానంతట అదే వచ్చింది. నేను వాకిట్లోనే పట్టుకుని, "నిన్ను ఎవరూ చదవమనరులేమ్మా" అన్నాను.

"అందరికీ తెలిసిపోయ గదా టీచరమ్మా, ఇంక దాసిపెట్టేదేముండాది? ఇన్నాళ్ళూ యాడ తెలుస్తాదో అని కడుపులో ఒకటే గుబులు. ఇప్పుడు లేదు. నాయనకీ సెప్పినా, బడికి పోతాననీ" అంది.

నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. దాన్ని కాపాడుతున్నాననుకున్నాను. ఆ పిల్ల నా మాట చాటున దాక్కుని, బయటపడతానేమోనని రోజూ భయపడుతూ బడికి వచ్చిందని నాకు తట్టనే లేదు. అలాగని మీరు చేసింది మంచిపని అనుకోకండి. అది తన ధైర్యం, మీ గొప్ప కాదు. సెలవుల్లో వచ్చి తిట్టించుకోండి.

ఆ రోజు తెలుగు పాఠం వెంకటముని గారు తీసుకున్నారు. ఎవరు చదువుతారని అడిగితే సిద్దమ్మ లేచింది. వెనక బెంచీ దగ్గరున్న నేను లేవబోయి ఆగాను. సిద్దమ్మ మొదటి వరుసలోనే తడబడింది. ఆయన అలవాటుగా బల్ల మీద చరిచి "ఊఁ, తొందరగా!" అన్నారు.

సిద్దమ్మ పుస్తకం దించి ఆయన వైపు చూసింది. ఎగతాళి లేదు, భయమూ లేదు.

"ఆ పొద్దు మదనపల్లెలో తొందరపెడితే మీకు వచ్చిందీ పోయ గదా సార్. నాకూ అంతే."

పిల్లలు నాకేసి చూశారు. నేను ఆయనకేసి చూశాను. ఆయన కుర్చీ దాని పక్కకు లాక్కుని కూర్చుని, "నిదానంగానే సదువుమ్మా" అన్నారు.

పేజీ సగంలో ఉండగానే ఇంటిగంట కొట్టేశారు. పిల్లలు ఒక్కరూ సంచి సర్దుకోలేదు. సిద్దమ్మ చదువుతూనే ఉంది.

మీ
అమరావతి