పెత్రమాస నాడు వండిన వంజరం

తమ్ముడు సాయిలూ,

నువ్వు చదవవని తెలిసీ రాస్తున్నాను. నిన్న పెత్రమాస, పెద్దల అమావాస్య. మల్పె రేవులో పడవెక్కి వేటకు పోయిన నువ్వు తిరిగి రానప్పటి నుంచి, ఏటా నీ పేరున విస్తరి పెడుతున్నాం. చేపలంటే నీకిష్టమని తాండూరులో చెరువు చేప కొని వండుతాం. కాకులు గోడ మీద కూర్చుని చూస్తాయి గానీ ముట్టవు. ముట్టలేదంటే నువ్వు పోయినవాళ్లలో లేవేమోనని నీ భార్య బాలమ్మ ఇంకా గాజులు తీయలేదు.

ఈసారి నీ బిడ్డ ఐసులో పెట్టిన వంజరం చేప తెచ్చింది. నేను గడప దగ్గరే ఆపాను.

"సముద్రం చాప వద్దు బిడ్డా, అది ఏం తిని పెరిగిందో."

"నాయిన పట్టేదే గదత్తా, నాయినకు పెడ్తే ఏమైతది?"

వంజరం కోసం ఒడ్డు కనిపించనంత లోపలికి పోతామని నువ్వు ఫోనులో చెప్పిన మాట గుర్తొచ్చింది. "అక్కా, ఆడ నీళ్లు నల్లగుంటయి, కిందికి చూడబుద్ధి కాదు" అన్నావు.

ఆ వంజరమే వండి, విస్తరి పెట్టి నేను వెనక్కి తిరగకముందే ఒక కాకి వాలింది. ఎండ మాడుస్తోంది, అయినా దాని రెక్కల నుంచి నీళ్లు కారుతున్నాయి. చేప ముక్కంతా తిని, నన్నే కాసేపు చూసి, పడమటికి ఎగిరిపోయింది. అది వాలిన నాపబండ మీది తడిని వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది.

బాలమ్మ గాజుల మీద చేయి వేసుకుని, "వదినె, ఇగ తియ్యాల్నా?" అని అడిగింది.

"జర ఆగు బాలమ్మా, గా బండ ఆరనియ్యి" అన్నాను.

ఇవాళ మళ్లీ ఎండ నడినెత్తికి వచ్చింది. బండ ఇంకా ఆరలేదు.