మంచులోకి పంపిన విమానం

మహారాజశ్రీ చెంచురామయ్య గారి దివ్యసముఖానికి,

ఒరేయ్, ఆదివారం మద్రాసులో జరిగే బొమ్మ విమానాల పోటీకి మన విమానం రాదు. పెట్టెలో వచ్చిన తేలికపాటి బాల్సా చెక్కలతో ఏడాదిపాటు మనిద్దరం అతికించిన పల్టీల రాణి స్వర్గస్థురాలైందని చింతిస్తూ తెలియజేస్తున్నాను.

నిన్న పొద్దున కృష్ణపట్నం తీరమంతా పాలలాంటి మంచు. రాత్రి వేటకెళ్లిన పోలేరయ్య పడవ తిరిగి రాలేదు. వాళ్లమ్మ నాగులమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అయ్యా, నీ ఇమానాన్ని పంపు. పైనించి చూసొస్తాది గదా!"

దానికి కళ్లు లేవని చెప్పడానికి నా బి.ఎస్సీ. చదువు చాలలేదు. ఆమె దాని ముక్కుకు పసుపు పూసి, కొత్త పడవను సాగనంపినట్టే సాగనంపింది. విమానం ఒక్క పల్టీ కొట్టి మంచులో కలిసిపోయింది. దాన్ని నడిపే రేడియో పెట్టె పట్టుకుని నేను మంచుకే మీటలు నొక్కుతూ నిలబడ్డాను. తుమ్మెదలాంటి మోత మాత్రం తీరం మీద గిరికీలు కొట్టింది. చమురు అయిపోయాక అదీ ఆగింది.

కాసేపటికి పడవ ఒడ్డుకొచ్చింది.

"దిక్కు తెలీక తిరగతా ఉంటే ఏందో జుయ్యిమనింది. ఆ పక్కకే తెడ్డేసినాం" అన్నాడు పోలేరయ్య.

సాయంత్రం నేనింకా నీళ్లకేసి చూస్తుంటే నాగులమ్మ పక్కన కూచుంది.

"ఇంటికి పో అయ్యా. నేను చూస్తా ఉంటాలే. అదీ వస్తాది."

ఇట్లు,
ప్రస్తుతానికి నేలమీదున్న నీ పైలట్టు