పక్క సీట్లో మనిషి ఉంటే రాని చప్పుడు

శనివారం రాత్రి

సాయంత్రం ఐదింటికి రహమత్ నగర్‌లో మెకానిక్ నర్సింగ్ నా కారు తాళాలు తీసేసుకున్నాడు. ముందు ఎడమ చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింట్ అరిగిపోయింది. కొత్తది సోమవారం వస్తుంది.

రేపు నా భార్య సుధను కారులో ఎటైనా తీసుకెళ్తానన్నాను. మేం విడిగా ఉంటున్న ఈ ఏడాదిలో ఆమె సరేనన్నది ఇదే మొదటిసారి.

ఆ చక్రం దగ్గర టక్ టక్ చప్పుడు నెల నుంచీ వింటున్నాను. ఇవాళ నేను నడిపి చూపిస్తుంటే, నర్సింగ్ పక్క సీట్లో కూర్చోగానే ఆగింది. అతను దిగాక మళ్ళీ వచ్చింది. ఎడమవైపు బరువు పడితే ఆ జాయింట్ కదలదట.

"మేడమ్‌ని కూసోబెట్టుకుంటే సప్పుడే రాదు సార్," అని నవ్వాడు. వెంటనే, "గట్లని తీస్కపోకుండ్రి. గుంతల పడితే చక్రం ఊడొస్తది," అన్నాడు.

నెలగా ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదని నాకు అప్పుడు తెలిసింది. నా ఫోన్‌లో మాత్రం సగం సినిమా ఇండస్ట్రీ నంబర్లున్నాయి.

ఆటోలో ఇంటికొచ్చి సుధకు ఫోన్ చేశాను. కలిసున్న రోజుల్లో ఎటైనా వెళ్దామంటే ఓసారి ప్రెస్‌మీట్ ఉందన్నాను, ఇంకోసారి సినిమా రిలీజ్ అన్నాను. ఈసారి కారు పాడైందంటే నమ్మదనుకున్నాను.

"నేను మీతో మాట్లాడదామనుకున్నాను, కారుతో కాదు. నడవడం మర్చిపోయారా?" అంది.

కారులోనైతే రోడ్డు చూస్తూ మాట్లాడొచ్చు. నడుస్తూ ఏం మాట్లాడాలో ఇంకా తెలియడం లేదు.

రేపు సాయంత్రం ఆరింటికి, ఫిల్మ్ నగర్‌లో సుధ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర.